మూడేళ్ల పాపని పెప్పా పిగ్ లైవ్ షోకి తీసుకెళ్లొచ్చా? బొమ్మల వెనక మనుషులు కనిపిస్తే పరవాలేదా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. ఇంగ్లండ్‌లో ఉంటున్న ఒక తల్లి రాశారు: "మా పాపకి మూడేళ్లు నిండాయి. పెప్పా పిగ్ (పందిపిల్ల కార్టూన్) అంటే ప్రాణం. ఈ మధ్య బ్లూయీ (కుక్కపిల్ల కార్టూన్) కూడా చూస్తోంది. మా ఊరి థియేటర్‌కి పెప్పా లైవ్ షో వస్తోంది. నలుగురికి టికెట్లు వంద పౌండ్లు దాటుతున్నాయి. వీడియో చూస్తే బొమ్మలు పట్టుకున్న మనుషులు స్పష్టంగా కనిపిస్తున్నారు. అంత డబ్బు పెట్టి వెళ్లాక 'ఇది పెప్పా కాదు' అంటుందేమో. చీకట్లో భయపడి ఏడుస్తుందేమోనని ఇంకో టెన్షన్. ఎక్కడ కూర్చోవాలి, మీట్ అండ్ గ్రీట్ (షో తర్వాత పాత్రని కలిసి ఫొటో దిగే టికెట్) కొనాలా? సెలవులకి హైదరాబాద్ వెళ్లినప్పుడు అక్కడ ఏమైనా చూపించొచ్చా?"

తప్పకుండా తీసుకెళ్లండి. బొమ్మల వెనక మనుషులు కనిపిస్తున్నారని మీరు వెనకాడుతున్నారు కదా, నేనైతే సరిగ్గా ఆ కారణానికే టికెట్ కొంటాను. ఇంగ్లండ్‌లో ఊరూరా తిరిగే షోలకి స్టేజ్ మేనేజ్‌మెంట్ చేయడం నా ఉద్యోగం. వాటిలో ఎక్కువ భాగం పిల్లల షోలే. ఎవరైనా నన్ను "ఈ షోకి వెళ్లమంటారా" అని అడిగితే, ఏ కార్టూన్ అన్నది తర్వాత సంగతి, ముందు ఆ పాత్రని స్టేజి మీద ఎలా తయారుచేశారో కనుక్కోమంటాను. మనిషి లోపల దూరే పెద్ద కాస్ట్యూమా, మనిషి చేత్తో ఆడించే బొమ్మా? చిన్నపిల్లలకి షో నచ్చడం, నచ్చకపోవడం చాలావరకు అక్కడే తేలిపోతుంది.

కాస్ట్యూమ్ సంగతి ముందు చెప్తాను. లోపల ఉండేది పెద్ద మనిషి. తల అంతా ఫోమ్, పైన బొచ్చుగుడ్డ. చూడ్డానికి దారి ఎక్కువగా ఆ పాత్ర నోటిదగ్గర కుట్టిన నల్లటి జాలీగుడ్డ. దాంట్లోంచి ఎదురుగా ఉన్నది మసకగా కనిపిస్తుంది, కాళ్ల దగ్గర నిలబడ్డ చంటిపిల్ల అసలు కనిపించదు. అందుకే కాస్ట్యూమ్ పాత్ర జనంలోకి వస్తే పక్కన చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి ఒకరు ఉండి తీరాలి. లోపల వేడి ఎంత ఉంటుందంటే, వేసుకున్నవాళ్లు తల తీసేసరికి జుట్టు నీళ్లలో ముంచి తీసినట్టు ఉంటుంది. కాబట్టి ఎక్కువసేపు స్టేజి మీద ఉంచకూడదు, గంతులకి కూడా హద్దు ఉంటుంది. ముఖం మీది నవ్వు చెరగదు. ఏడ్చే సన్నివేశంలోనూ అదే నవ్వు. పాట, మాట అన్నీ రికార్డింగే కాబట్టి చేతులు బాగా ఊపి ఎవరు మాట్లాడుతున్నారో తెలియజేయాలి.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు సైజు. పెప్పాకి 4 ఏళ్లు, తమ్ముడు జార్జ్‌కి 2. మీ పాప లెక్కలో జార్జ్ తనకంటే చిన్నవాడు, డైనోసార్ బొమ్మ కోసం ఏడిచే బుల్లి తమ్ముడు. అదే జార్జ్ కాస్ట్యూమ్‌లో వస్తే అయిదడుగుల పైచిలుకు ఉంటాడు. డాడీ పిగ్ వచ్చి పక్కన నిలబడితే ఇద్దరూ ఇంచుమించు ఒకే ఎత్తు. పెద్దవాళ్లం మనం సర్దుకుపోతాం. మూడేళ్ల పిల్లకి మాత్రం టీవీలో అరచేయంత ఉన్న తమ్ముడు నాన్నంత ఎత్తున మీదకి నడిచి వస్తున్నాడు. మాల్‌లో కాస్ట్యూమ్ పాత్రని చూసి పిల్లలు గుక్కపెట్టి ఏడవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇష్టం లేక కాదు, తెలిసిన మనిషి తప్పు సైజులో వచ్చాడని.

బొమ్మ అయితే ఈ గొడవే లేదు. జార్జ్‌ని చిన్నగా, పెప్పాని కాస్త పెద్దగా, నాన్నని ఇంకా పెద్దగా చేసుకోవచ్చు. కుటుంబం కుటుంబంలా కనిపిస్తుంది. చిన్నబొమ్మ పెద్దబొమ్మ ఒళ్లో వాలిపోవచ్చు, వీపెక్కొచ్చు, కాస్ట్యూమ్‌లో ఉన్న ఇద్దరు పెద్దవాళ్లకి అది ఎలా సాధ్యం?

పెప్పాని త్రీడీ బొమ్మగా చేయడమూ సులువైన పని కాదు. టీవీలో ఎప్పుడైనా గమనించారా, పెప్పా ముఖం ఎప్పుడూ పక్కకే తిరిగి ఉంటుంది, కళ్లు రెండూ ముఖానికి ఒకవైపే ఉంటాయి. కాయితం మీద గీసిన బొమ్మకి అది చెల్లుతుంది. అదే తలని ఫోమ్‌తో చెక్కాల్సి వస్తే రెండో కన్ను ఎక్కడ పెట్టాలి? రెండువైపులా చెరొకటి పెడితే మామూలు పంది అవుతుంది, ముందుకి లాగితే పిల్లలకి పరాయి ముఖంలా ఉంటుంది. బొమ్మలు చేసేవాళ్లు వారాలకి వారాలు కొట్టుకునేది ఇలాంటి వాటి దగ్గరే. పాత్ర హక్కులున్న కంపెనీ ప్రతి కొలతనీ, ప్రతి రంగునీ చూసి సరే అంటేనే బొమ్మ స్టేజి ఎక్కుతుంది.

ఇక మీ అసలు అనుమానం. వెనక మనిషి కనిపిస్తే పిల్లలు బొమ్మని నమ్ముతారా? నమ్ముతారు. కారణం రిహార్సల్ గదిలో ఉంది. బొమ్మని ఆడించేవాళ్లకి మొదట నేర్పే పాఠం చేతికి సంబంధించింది కాదు, చూపుకి సంబంధించింది. ఆడించే మనిషి తన కళ్లని బొమ్మ తల మీదినుంచి తియ్యకూడదు. ఆ మనిషి ఎటు చూస్తే ప్రేక్షకుల కళ్లు అటే పోతాయి. ఒక్క క్షణం తలెత్తి జనంలోకి చూశాడా, బొమ్మ ఆ క్షణమే చచ్చిపోతుంది, మనిషి కనిపించడం మొదలవుతుంది. రెండో పాఠం ఊపిరి. బొమ్మ ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా దాని ఛాతీ కొద్దిగా లేచి పడుతూ ఉండాలి. మాట మొదలుపెట్టే ముందు చిన్న ఊపిరి పీల్చాలి. దగ్గర్నుంచి చూస్తే అది మణికట్టులో వేలెడంత కదలిక, అంతే. దూరం నుంచి చూసే పిల్లకి బొమ్మ ఏదో ఆలోచించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. షో మొదలైన కొద్ది నిమిషాల్లో మీరే గమనించండి, పాప చూపు బొమ్మ ముఖం మీదే ఉంటుంది. మనుషుల్ని చూస్తూ కూర్చునేది మనమే.

జపాన్‌లో బున్రాకు అని ఒక బొమ్మలాట ఉంది, ఒసాకా దానికి పుట్టిల్లు. ఒక్క బొమ్మకి ముగ్గురు మనుషులు. ఒకరు తల, కుడిచెయ్యి ఆడిస్తారు, ఇంకొకరు ఎడమచెయ్యి, మూడోవారు కాళ్లు. ముఖ్యమైన ఆటగాడు చాలాసార్లు ముఖానికి ముసుగైనా లేకుండా అందరి ముందూ నిలబడతాడు. పెద్దవాళ్లు ఆ బొమ్మల్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. 2016లో అమెరికాలో మొదలైన పా పట్రోల్ కార్టూన్ లైవ్ షోలో కుక్కపిల్లల్ని ఈ బున్రాకు పద్ధతి నుంచే తీసుకున్నారు. కుక్క శరీరం నటుడి ముందు ఉంటుంది, నటుడు వెనక కనిపిస్తూనే ఉంటాడు. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్లకి ఈ అలవాటు చేసింది 2007లో నేషనల్ థియేటర్ వేసిన వార్ హార్స్ నాటకం. గుర్రాన్ని నడిపించే మనుషులు మొదటినుంచి చివరిదాకా కనిపిస్తూనే ఉంటారు, ఎవరికీ అడ్డు అనిపించలేదు. మన తోలుబొమ్మలాటలో తెర అడ్డం ఉంటుంది కాబట్టి ఆడించేవాళ్లు కనిపించకూడదని మనకో లెక్క ఉండిపోయింది. తోలుబొమ్మలకి పేరున్న నిమ్మలకుంట ఊళ్లో కళాకారులు బొమ్మ ఆడించేటప్పుడు తెర వెనక్కి వెళ్లి చూసిన పిల్లలెవరికైనా తెలుసు, మనిషిని చూశాక కూడా తెర ముందుకి వచ్చి కూర్చుంటే మళ్లీ హనుమంతుడే కనిపిస్తాడు.

బొమ్మా వద్దు, కాస్ట్యూమూ వద్దు అన్న మూడో దారి కూడా ఉంది. 2017లో న్యూయార్క్ బ్రాడ్‌వేకి వచ్చిన స్పాంజ్‌బాబ్ (స్పాంజి హీరోగా ఉన్న కార్టూన్) మ్యూజికల్‌లో హీరోకి స్పాంజి తొడుగేమీ లేదు. పసుపు చొక్కా, టై, గళ్ల ప్యాంటు, మిగతాదంతా నటుడి ఒళ్లు, గొంతు. స్క్విడ్‌వర్డ్ అనే సముద్రజీవి పాత్ర వేసినాయన ప్యాంటుకి అదనంగా రెండు కాళ్లు కుట్టి ఉంటాయి, ఆ నాలుగు కాళ్లతో ట్యాప్ డ్యాన్స్ చేస్తాడు. అద్భుతమైన ఆలోచన. కాకపోతే "ఈయన స్పాంజ్‌బాబ్ అనుకుందాం" అని ఒప్పుకోవడానికి ఏడెనిమిదేళ్లు ఉండాలి. మూడేళ్లకి అది పనికిరాదు.

పెప్పా షో ఎలా ఉంటుందో ఇప్పుడు చెప్తాను. టీవీలో 2004లో మొదలైంది, ఒక్కో ఎపిసోడ్ 5 నిమిషాలు. స్టేజి షోలు ఇంగ్లండ్‌లో 2009 నుంచి ఆడుతున్నాయి, కథ మార్చుకుంటూ మళ్లీ మళ్లీ టూర్‌కి వస్తుంటాయి. 5 నిమిషాల కథని గంట పైకి సాగదీయాలంటే ఏం చేస్తారు? ఆ షోల్లో డైసీ అని ఒక మనిషి పాత్ర ఉంటుంది, పెప్పా స్నేహితురాలు. టీవీలో ఆ అమ్మాయి లేదు. పెద్దవాళ్లు కొందరు "ఈవిడ ఎవరు మధ్యలో" అని విసుక్కుంటారు కానీ నా దృష్టిలో షోని మోసేది ఆవిడే. హాల్లో మూడొందల మంది పిల్లలు ఒక్కసారి అరిస్తే విని, ఆగి, నవ్వి, తిరిగి ఒక మాట అనగలిగేది ముఖం కనిపించే మనిషే. చప్పట్లు కొట్టించడం, పాట నేర్పించడం, అల్లరి పెరిగితే నెమ్మదిగా కథలోకి తేవడం అన్నీ ఆ పాత్ర పనే. క్రిస్మస్‌కి వేసే బ్రిటిష్ హాస్యనాటకం పాంటోమైమ్‌లో "నీ వెనకే ఉన్నాడు!" అని పిల్లలంతా అరుస్తారు చూశారా, ఇక్కడి పిల్లలకి థియేటర్ అంటే నోరు మూసుకుని చూడటం కాదు. మీ పాప లేచి గట్టిగా అరిచినా ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. అది కూడా షోలో భాగమే.

బ్లూయీ అంటే ఇష్టం అన్నారు కాబట్టి అదీ చెప్తాను, అవకాశం దొరికితే వదలకండి. బ్లూయీస్ బిగ్ ప్లే 2020 డిసెంబరులో బ్రిస్బేన్‌లో మొదలైంది. టీవీ సీరియల్ సృష్టికర్త జో బ్రమ్ స్వయంగా కథ రాశాడు, టీవీకి సంగీతం ఇచ్చే జాఫ్ బుష్ పాటలు చేశాడు, అడిలైడ్‌కి చెందిన విండ్‌మిల్ థియేటర్ రోజ్‌మేరీ మైయర్స్ దర్శకత్వంలో తయారుచేసింది. 2022 నవంబరులో న్యూయార్క్‌కి, 2023 డిసెంబరులో లండన్ సౌత్‌బ్యాంక్ సెంటర్‌కి వచ్చింది. కథ చాలా చిన్నది. ఆదివారం మధ్యాహ్నం నాన్న బీన్‌బ్యాగ్‌లో కూలబడి కాసేపు విశ్రాంతి తీసుకుందామనుకుంటాడు, ఆయన్ని లేపడానికి పిల్లలిద్దరూ తెలిసిన ఆటలన్నీ బయటికి తీస్తారు. అంతే. మాటలు ముందే రికార్డు చేసినవి, నాన్న బాండిట్‌కి డేవ్ మెక్‌కార్మక్, అమ్మ చిల్లీకి మెలానీ జనెట్టీ, అంటే టీవీలో వినే గొంతులే. ఇది మంచి నిర్ణయం. చిన్నపిల్లలు ముఖం కంటే ముందు గొంతుని పడతారు. గొంతు తేడాగా ఉంటే "ఇది కాదు" అనేస్తారు. గొంతు అదే అయితే బొమ్మని ఆడించే మనిషి పక్కనే నిలబడి ఉన్నా సరే, బాండిట్ అంటే బాండిటే. రికార్డింగ్ అని తెలిసి మోసపోయామని అనుకోవద్దు. పట్టాల మీద నడిచినట్టు ఆ ట్రాక్‌కి సరిగ్గా అందేలా తల, తోక, చెయ్యి కదిలించడం పాడటం కంటే తేలికేమీ కాదు.

చిన్న థియేటరా, పెద్ద ఎరీనానా అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఈ వ్యాపారం అమెరికాలో పెద్ద హాళ్లలోనే పెరిగింది. సెసమీ స్ట్రీట్ లైవ్ 1980లో మినియాపోలిస్‌లో మొదలైంది, మరుసటి ఏడాది డిస్నీ ఐస్ షో వచ్చింది. టీవీ షోలు బ్లూస్ క్లూస్ 1999లో, డోరా 2003లో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో ఆడాయి. అక్కడ సుమారు 6,000 సీట్లు. వేలమంది కూర్చునే చోట బొమ్మ ముఖం కనపడదు కాబట్టి పెద్ద కాస్ట్యూమ్, పెద్ద సౌండ్, పెద్ద ఎల్ఈడీ తెర కావాల్సి వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లలు దాన్ని బాగా ఆనందిస్తారు. మూడేళ్ల పిల్లకి మొదటి షో అయితే వెయ్యి, పదిహేను వందల సీట్ల ఊరి థియేటరే మేలు. మీకు వస్తున్నది అదే కాబట్టి ఇంకేం ఆలోచించకండి.

సెట్ గురించి మాత్రం ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. టూరింగ్ షో లారీలో వస్తుంది. పొద్దున్నే దించడం మొదలుపెడితే, చాలా ఊళ్లలో అదే రోజు లేదా మర్నాడు మొదటి ఆట పడాలి. చివరి ఆట అయిన రాత్రే అంతా మడిచి లారీ ఎక్కించాలి. ఒక ఊరి స్టేజి లోతుగా ఉంటుంది, ఇంకో ఊళ్లో స్టేజి పక్కన తెర చాటుగా ఉండే వింగ్స్‌లో మనిషి కూడా తిరగలేడు. అందుకే అన్నిచోట్లా పట్టే సెట్ చేస్తారు, మడతపెట్టే ఇల్లు, చక్రాల మీద కొండ, పెయింట్ చేసిన గుడ్డ. ఆ పరిమితిలోనే లైటింగ్‌తో, పాటతో పెప్పాకి ఇష్టమైన బురదగుంటల్లో గెంతించడం ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. తడి చుక్క లేకుండా హాలంతా తడిసినంత సంబరపడుతుంది.

సీట్లు. దీని గురించి గట్టిగా చెప్తున్నాను, మొదటి వరస కొనకండి. చాలా థియేటర్లలో స్టేజి నేలకి మీటరు పైన ఉంటుంది. మొదటి వరసలో మూడేళ్ల పిల్లకి స్టేజి అంచు, పైన బొమ్మల తలలు, అంతే కనిపిస్తాయి. స్పీకర్లూ దగ్గరే. స్టాల్స్‌లో (కింది అంతస్తు సీట్లు) ఆరో వరస నుంచి పన్నెండో వరస దాకా, నడవ పక్కన ఉన్న సీట్లు తీసుకోండి. నడవ ఎందుకంటే ముందు తల అడ్డం వస్తే పక్కకి వంగి చూడొచ్చు, బాత్రూమ్‌కి పరుగెత్తాలన్నా ఎవరి కాళ్లూ తొక్కక్కర్లేదు. పైన సర్కిల్‌లో (బాల్కనీ) మొదటి వరస చూపుకి బాగుంటుందని కొంటారు, అక్కడ అడ్డంగా ఉండే రక్షణ రెయిలింగ్ సరిగ్గా చిన్నపిల్ల కళ్ల ఎత్తుకి వస్తుంది. బుక్ చేసేముందు బాక్సాఫీస్‌కి ఫోన్ చేసి "మూడేళ్ల పాప, రెయిలింగ్ అడ్డం వస్తుందా" అని అడగండి, నిజమే చెప్తారు. బూస్టర్ కుషన్లు చాలాచోట్ల ఉచితంగా ఇస్తారు కానీ పరిమితంగా ఉంటాయి, లోపలికి అడుగుపెట్టగానే తీసుకోండి.

భయం గురించి. పాప భయపడేది ఎక్కువగా బొమ్మల్ని చూసి కాదు, హాల్లో లైట్లు ఒక్కసారి ఆరిపోవడం, అప్పుడే పెద్ద సౌండ్ రావడం, ఈ రెండూ కలిసినప్పుడు. మంచి పిల్లల షోలో లైట్లు నెమ్మదిగా తగ్గిస్తారు, పూర్తిగా చీకటి చేయరు. అయినా అరగంట ముందే వెళ్లి లైట్లు వెలుగుతుండగా సీటు చూపించండి, "ఇక్కడ లైట్లు తగ్గుతాయి, అక్కడినుంచి పెప్పా వస్తుంది" అని ముందే చెప్పండి. ఇంట్లో షో వీడియో ఒక నిమిషం చూపించడం తప్పేమీ కాదు. బొమ్మ వెనక మనుషులుంటారని కూడా చెప్పేయండి, "వాళ్లు పెప్పాకి నడవడానికి సాయం చేస్తారు" అంటే చాలు. శబ్దం తగ్గించడానికి చిన్నపిల్లల చెవులకి పెట్టే ఇయర్ డిఫెండర్లు సంచిలో వేసుకోండి. ఏడిస్తే మొండిగా కూర్చోబెట్టకండి, బయటికి తీసుకెళ్లి తలుపు దగ్గర నిలబడి రెండు నిమిషాలు చూపించి మళ్లీ రండి. తలుపు దగ్గర స్టాఫ్ దీనికి అలవాటుపడ్డవాళ్లే.

చాలా థియేటర్లలో రిలాక్స్‌డ్ పెర్ఫార్మెన్స్ అని ఒక ఆట పెడతారు. లైట్లు కొంచెం వెలుగుతూనే ఉంటాయి, సౌండ్ తగ్గిస్తారు, పిల్లలు లేచి తిరిగినా ఎవరూ ఏమీ అనరు, బయట ప్రశాంతంగా కూర్చునే చోటు ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లలు, శబ్దానికి ఇబ్బందిపడే పిల్లలు హాయిగా రావాలని మొదలైన పద్ధతి ఇది. టికెట్ ఎవరైనా కొనుక్కోవచ్చు. మీ పాపకి సౌండ్ అంటే బాగా భయమైతే ఆ ఆట ఉందేమో చూడండి. లేకపోతే పొద్దుటి ఆట తీసుకోండి. పిల్లలు నిద్ర తీరి ఉంటారు, అది సగం బలం. మధ్యాహ్నం ఒంటిగంట ఆట మాత్రం వద్దు, మీ పాప పడుకునే టైమ్ అదే అయితే మొదటి పాటకే ఒళ్లో వాలిపోతుంది.

ఇంటర్వెల్‌లో ఖర్చుకి సిద్ధంగా ఉండండి. గిరగిర తిరిగే లైటు బొమ్మ ఒకటి ప్రతి షోలోనూ అమ్ముతారు, పక్క సీటు పిల్ల చేతిలో అది వెలగ్గానే మీ పాపకీ కావాలి. ముందే "ఒక్కటి కొందాం, ఇంటికి వెళ్లేటప్పుడు" అని ఒప్పందం చేసుకుంటే రెండో సగం ప్రశాంతంగా గడుస్తుంది. ఇంటర్వెల్ మొదలవడానికి ఒక పాట ముందే ఒకరు వెళ్లి బాత్రూమ్ క్యూలో నిలబడటం మేలు, బెల్ కొట్టాక ఆ క్యూ మెట్లదాకా వస్తుంది.

మీట్ అండ్ గ్రీట్ ఈసారికి వద్దనే చెప్తాను. షోలో చూసేది బొమ్మ, ఫొటోకి వచ్చేది సాధారణంగా కాస్ట్యూమ్. అంటే ఇప్పుడే ముచ్చటగా చిన్నగా చూసిన పాత్ర అరగంట తర్వాత ఆరడుగుల ఎత్తున, మాటా పలుకూ లేకుండా వచ్చి నిలబడుతుంది. కొందరు పిల్లలు వాటేసుకుంటారు, ఇంకొందరు అమ్మ కాళ్ల వెనక దాక్కుని షో మిగిల్చిన సంతోషం కూడా పోగొట్టుకుంటారు. పైగా కొన్ని టూర్లలో ఆ ప్యాకేజీ టికెట్ పెద్దవాళ్లకీ పిల్లలకీ ఒక్కొక్కరికీ విడిగా కొనాల్సిందే, పాప ఒక్కదానికి కొంటే సరిపోదు. అయిదేళ్లు వచ్చాక, పాప తనంతట తాను అడిగితే అప్పుడు చూడొచ్చు.

టికెట్ కొనేచోట జాగ్రత్త. థియేటర్ సొంత వెబ్‌సైట్‌లోనో, అది పంపించే లింక్‌లోనో కొనండి. అధికారిక షో అయితే పోస్టర్ మీద హక్కుదారుల పేరు కచ్చితంగా ఉంటుంది. పెప్పా ఇప్పుడు హాస్బ్రోది, 2019 చివర్లో ఎంటర్‌టైన్‌మెంట్ వన్‌ని కొన్నప్పుడు వాళ్ల చేతికి వచ్చింది. బ్లూయీ షో మీద బీబీసీ స్టూడియోస్ పేరు ఉంటుంది. పాత్ర పేరు సరిగ్గా రాయకుండా "పిగ్ అండ్ ఫ్రెండ్స్" అన్నట్టు తిప్పి రాసిన పోస్టర్లు, స్టేజి ఫొటో ఒక్కటి కూడా లేకుండా కంప్యూటర్‌తో గీయించిన రంగురంగుల బొమ్మలే ఉన్న ప్రకటనలు కనిపిస్తే ఆగండి. 2024 ఫిబ్రవరిలో గ్లాస్గోలో చాక్లెట్ ఫ్యాక్టరీ పేరుతో పిల్లల కార్యక్రమం అని అలాంటి బొమ్మలతోనే ప్రకటన ఇచ్చి, ఒకరికి 35 పౌండ్ల దాకా తీసుకుని, దాదాపు ఖాళీగా ఉన్న గోడౌన్ చూపించారు. పిల్లలు ఏడ్చారు, తల్లిదండ్రులు గొడవపడ్డారు, చివరికి పోలీసులు వచ్చారు. షో తాలూకు అసలు ఫొటోలు, నిజమైన హాలు పేరు, ఆట ఎంతసేపన్నది, ఈ మూడూ చూసుకుంటే ఇలాంటివాటినుంచి తప్పించుకోవచ్చు.

హైదరాబాద్ సంగతికి వస్తే, చోటా భీమ్ పుట్టిందే అక్కడ. రాజీవ్ చిలకా కంపెనీ గ్రీన్ గోల్డ్ యానిమేషన్ తయారుచేసిన ఆ సీరియల్ 2008లో పోగోలో మొదలైంది. మాల్స్‌లో, పుట్టినరోజు పార్టీల్లో కనిపించే భీమ్‌లలో చాలామంది ఎవరో కాస్ట్యూమ్ అద్దెకి తెచ్చుకుని వేసుకున్నవాళ్లే. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఫోమ్ తల లోపల ఉండే కుర్రాడి పరిస్థితి తల్చుకుంటేనే నాకు బాధగా ఉంటుంది. మీ బంధువులింట్లో పార్టీకి ఎవరైనా అలా పిలిస్తే దయచేసి పదిహేను, ఇరవై నిమిషాలకోసారి లోపలి గదిలోకి పంపించి, ఫ్యాన్ కింద కూర్చోబెట్టి నీళ్లివ్వండి. తల తీసేటప్పుడు పిల్లలు చూడకుండా తలుపు వేయండి.

స్టేజి మీద చూపించాలంటే మాత్రం సురభి వాళ్ల మాయాబజార్ ఎక్కడైనా ఆడుతోందేమో చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక సమాజం అది, కుటుంబాలకి కుటుంబాలే సెట్లతో సహా ఊరూరా తిరుగుతూ బతికినవాళ్లు. నేను ఇక్కడ చేసే పనికి మన దగ్గర అసలైన పెద్దలు వాళ్లే. గాలిలో బాణాలు ఢీకొంటాయి, ఘటోత్కచుడు ప్రత్యక్షమవుతాడు, అన్నీ తాళ్లు, తీగలు, చేతుల మీదే. పగలు వీలైతే సెట్ కట్టేటప్పుడు కాసేపు చూపించమని అడగండి. మూడేళ్లకి పూర్తి నాటకం ఎక్కువే, లడ్డూలు వాటంతటవే నోట్లోకి వెళ్లే సీన్ దాకా కూర్చుంటే చాలు.

మీ థియేటర్ పేరు, వాళ్లు చూపిస్తున్న సీట్ల ప్లాన్ ఇక్కడ పెట్టండి. టూర్లలో ఇక్కడి హాళ్లు చాలావరకు తిరిగాను కాబట్టి ఏ సీటు తీసుకోవాలో, ఏ స్తంభం అడ్డం వస్తుందో చెప్పగలను.